పూజకు వెళ్లొచ్చిన రివాల్వర్

2011 అక్టోబర్ 6. గురువారం, దసరా.

సాయంత్రం నాలుగూ నలభైకి వాచ్‌మన్ భార్య అండాలమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని సెల్లార్‌లోకి దిగింది. ఎల్.బి.నగర్ రింగు రోడ్డు వెనక, వసుంధర రెసిడెన్సీ అది. నాలుగింటికి కరెంటు పోయింది. జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. దాని పక్కనే ఆమె భర్త మట్టయ్య గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

పండగ కదా, ఎవరో మందు పోయించి ఉంటారనుకుంది. నాలుగు తిట్లు నోటిదాకా వచ్చాయి. చొక్కా మీద ఎరుపు చూసి కుంకుమ పడిందనుకుంది.

దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుంది. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

అయిదూ అయిదుకు ఇన్‌స్పెక్టర్ లింగస్వామి వచ్చాడు. నల్లగొండ జిల్లా మనిషి. నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్ల సర్వీసులో మెమో ఎరగడు. ఆ సంగతి ఎవరడిగినా అడక్కపోయినా చెప్పుకునే అలవాటుంది. ఆ సాయంత్రం తర్వాత ఆ అలవాటు పోయింది.

ఛాతీలో ఒకే గాయం. ఆరడుగుల దూరం నుంచి పేల్చి ఉంటారని క్లూస్ టీమ్ అంచనా. ఖాళీ తూటా గొట్టం ఎక్కడా లేదు. అంటే పేల్చినవాడు ఏరుకుపోయాడు, లేదంటే అది రివాల్వర్. రివాల్వర్‌లో గొట్టం బయటికి ఎగిరిపడదు, లోపలే ఉండిపోతుంది.

మూడూ యాభై అయిదుకు భర్తను ప్రాణంతో చూశానని అండాలమ్మ చెప్పింది. నాలుగూ రెండుకు జనరేటర్ మోగింది. వేసింది మట్టయ్యే. ఆ మోతలో తుపాకి శబ్దం ఎవరికీ వినపడలేదు. సమ్మెతో సింగరేణి బొగ్గు ఆగింది, బొగ్గు ఆగి కరెంటు కోత పెరిగింది, ఆ కోతే హంతకుడికి కలిసొచ్చింది.

సకల జనుల సమ్మెకు అది ఇరవై నాలుగో రోజు. బస్సుల్లేవు, బడుల్లేవు. ఆరు గంటలకల్లా గేటు ముందు రెండొందల మంది చేరారు. అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లు కోస్తా వాళ్లవి. చచ్చిపోయినవాడు తెలంగాణ వాచ్‌మన్. ఆంధ్రోళ్లు కాల్చేశారన్న మాట దిల్‌సుఖ్‌నగర్ దాకా పాకిపోవడానికి అరగంట పట్టలేదు.

ఏసీపీ రాఘవేంద్ర ఫోన్ చేశాడు. ఒక్క మాటే అన్నాడు. రెండు రోజుల్లో మనిషి దొరకాలి.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు దవాఖానలో పోస్టుమార్టం అయింది. డాక్టర్ చిన్న ట్రేలో బుల్లెట్ పెట్టి చూపించాడు. పాయింట్ త్రీ టూ. ఫ్యాక్టరీ సరుకు.

లింగస్వామి నేరుగా స్టేషన్‌కెళ్లి రిజిస్టర్ తీశాడు.

స్టేషన్ పరిధిలో లైసెన్సున్న త్రీ టూ రివాల్వర్లు మూడు. సమ్మె మొదలవగానే వాటిని డిపాజిట్ చేయించమని పైనుంచి ఆదేశం వచ్చింది. మూడూ స్టేషన్ బీరువాలోనే ఉన్నాయి. రిజిస్టర్ అలాగే చెబుతుంది.

రిజిస్టర్ చెప్పనిది ఒకటుంది. దసరా రోజు పొద్దున ఏడున్నరకు అందులో ఒకదాన్ని లింగస్వామి తన చేతుల్తో బయటికిచ్చాడు.

ఆ రివాల్వర్ త్రినాథరావుది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతాడు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. ఉండేది వసుంధర రెసిడెన్సీ మూడో అంతస్తులో, ఫ్లాట్ 302. రెండు వేల తొమ్మిది డిసెంబర్ గొడవల్లో ఆయన సెంటర్ అద్దాలు పగిలాయి. మర్నాడే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఎలాంటి వాళ్లో చూసి రిపోర్టు రాయాల్సింది లింగస్వామే. అప్పుడు బందోబస్తుతో ఊపిరాడని రోజులు. అడ్రసు చూశాడు, మనిషిని చూశాడు, స్టేషన్‌లో కూర్చునే రాసేశాడు. విచారించడమైనది, అభ్యంతరం లేదు.

పని బద్ధకం ఒక్కటే అయితే అది వేరు. లోపల ఇంకోటుంది. నల్లగొండ ఇన్‌స్పెక్టర్ ఆంధ్రా మనిషికి లైసెన్సు ఆపాడని ఎవరూ అనకూడదు. తను న్యాయంగా ఉన్నానని తనకు తాను చూపించుకోవాలి. ఆ ముచ్చటతోనే సంతకం పెట్టాడు.

దసరా రోజూ అదే ముచ్చట. త్రినాథరావు పట్టు పంచెలో వచ్చాడు. ఆయుధ పూజండీ, అమ్మ ఒప్పుకోవడం లేదు, సాయంత్రం ఆరుకల్లా తెచ్చిచ్చేస్తానన్నాడు. పండగ పూట దేవుడి పని కాదంటే ఏం బాగుంటుంది? తూటాల పెట్టె మాత్రం కదలనివ్వలేదు. పాతిక తూటాలు, సీలు వేసి, బీరువాలోనే ఉన్నాయి. ఖాళీ తుపాకి ఇనప ముక్కతో సమానం అనుకున్నాడు. రిజిస్టర్‌లో రాయలేదు. ఆరుకు పది నిమిషాల ముందే త్రినాథరావు తెచ్చిచ్చాడని హెడ్ కానిస్టేబుల్ కృష్ణకుమారి చెప్పింది. ఆ సమయానికి లింగస్వామి శవం దగ్గర ఉన్నాడు.

శుక్రవారం రెండింటికి ఫ్లాట్ 302లో త్రినాథరావును విచారించాడు. ఆయన కొడుకు గౌతమ్ సోఫా చివర కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్లు, ఎంబీఏ. జ్వరమట, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నాలుగింటికి ఎక్కడున్నారు? నిద్రలో. అబ్బాయి? వాడూ నిద్రే. శబ్దం విన్నారా? జనరేటర్ అండీ. మట్టయ్యతో గొడవలు? అబ్బే, మంచివాడు.

రివాల్వర్ సంగతి లింగస్వామి అడగలేదు. త్రినాథరావే జవాబిచ్చాడు.

"నా రివాల్వర్ మీ బీరువాలోనే ఉంది కదండీ, ఇన్‌స్పెక్టర్ గారూ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేరం కుదిరినట్టే ఉంది ఆ చూపు. మెట్లు దిగుతూ లింగస్వామి తనను తాను తిట్టుకున్నాడు. అయినా దిగాడు.

సాయంత్రం అయిదుకు ఏసీపీ టీమ్ ఒకణ్ని పట్టుకొచ్చింది. సైదులు, ఆటో డ్రైవర్, ముప్ఫై ఏళ్లు. నాలుగేళ్ల కిందట నాటు పిస్తోలు కేసులో జైలుకెళ్లొచ్చాడు. బంద్‌లో ఆటో ఎందుకు తిప్పుతున్నావని మంగళవారం మట్టయ్య అతని కాలరు పట్టుకున్నాడు. నీ సంగతి చూస్తానని సైదులు అందరి ముందూ అన్నాడు. ఏసీపీకి ఇంకేం కావాలి? బుల్లెట్ ఏ తుపాకిలోంచి వచ్చిందో చెప్పాల్సిన ల్యాబ్ సమ్మెలో ఉంది. రిపోర్టు వచ్చేసరికి నెలలు పడుతుంది. ఈలోగా మనిషిని రిమాండ్‌కు పంపిస్తే ఊరు చల్లబడుతుంది. శనివారం సాయంత్రం అయిదులోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి.

"మా అక్కింట్ల, తుర్కయంజాల్‌ల ఉన్న సార్" అని సైదులు మొత్తుకున్నాడు. అక్క మాట ఎవరు నమ్ముతారు?

లింగస్వామి నమ్మాడు. అదే అతని బాధ.

శనివారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి బీరువా తెరిచాడు. ఆయుధాల గదిలో ఇంకా పండగ వాసన ఉంది. దసరా రోజు తొమ్మిదింటికి కృష్ణకుమారి దగ్గరుండి పూజ చేయించింది. రైఫిళ్లకు గంధం, కుంకుమ. కార్బైన్‌కు బొట్టు. లాఠీలకు, బేడీలకు, వైర్‌లెస్ సెట్‌కు, బయట జీపుకు కూడా బొట్లే. డిపాజిట్ అయిన ప్రైవేటు తుపాకులనూ ఆమె వదల్లేదు. ఆ గదిలో బొట్టు లేని ఇనుము లేదు.

ఒకటే ఉంది. త్రినాథరావు రివాల్వర్.

లింగస్వామి దాన్ని దీపం దగ్గర పెట్టి తిప్పి చూశాడు. చేతి పిడి శుభ్రం. గొట్టం శుభ్రం. గంధం మరక లేదు, కుంకుమ రేణువు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుపాకి నూనె వాసన గుప్పుమంది.

పూజ కోసం బతిమాలి తీసుకెళ్లిన వస్తువు మీదే పూజ ఆనవాలు లేదు. బొట్టు పెట్టిన వస్తువును పండగ రోజే ఎవరు తుడుస్తారు? ఆటో అద్దం మీద బొట్టు దీపావళి దాకా ఉంటుంది. అదే రాలిపోవాలి తప్ప చేత్తో చెరపరు. ఎవరో దీన్ని లోపలా బయటా కడిగారు. కడిగించిన భయం అమ్మవారి భయం కంటే పెద్దది.

గూట్లో కుంకుమ గిన్నె అలాగే ఉంది. ఒక్క బొట్టు. పిడి మీద ఒక్క బొట్టు పెడితే చాలు. ఇరవై రెండేళ్ల సర్వీసు నిలబడుతుంది. లింగస్వామి గిన్నెలో వేలు ముంచాడు కూడా.

పక్క గదిలో లాకప్‌లోంచి సైదులు మంచినీళ్లు అడిగాడు. మామూలుగానే అడిగాడు. కృష్ణకుమారి ఇచ్చింది.

లింగస్వామి ఎర్రబడ్డ వేలును చూసుకున్నాడు. సిగ్గుతో ఒళ్లు మండింది. వేలును ఖాకీ ప్యాంటుకు తుడుచుకుని, తూటాల పెట్టె తీసి, కృష్ణకుమారిని పిలిచి ఆమె ముందే సీలు విప్పాడు.

అట్ట పెట్టెలో వరసకు అయిదు గుంటలు, అయిదు వరసలు. గుంటకో తూటా. ఆఖరి వరసలో ఒక గుంట ఖాళీ. పూర్తిగా ఖాళీ కూడా కాదు. అందులో రెండు అక్షింతలున్నాయి. పసుపు కలిపిన బియ్యం, ఎండి గట్టిపడింది.

సెప్టెంబర్‌లో డిపాజిట్ తీసుకున్నప్పుడు మూత తీసి లెక్కపెట్టాల్సింది. పాతిక అని పెట్టె మీద అచ్చేసి ఉంది. ఒక్కటీ కాల్చలేదండీ అని త్రినాథరావు అన్నాడు. రిజిస్టర్‌లో పాతిక అని రాసి, సీలు కొట్టాడు. ఇరవై నాలుగు తూటాల పెట్టెకు తన సంతకం.

తొమ్మిదీ యాభైకి ఏసీపీకి ఫోన్ చేశాడు. ఈ కేసు నేను చూడకూడదు సార్, మీరే రావాలి, ఎందుకో అక్కడే చెప్తానన్నాడు.

మధ్యాహ్నం రెండున్నర. ఫ్లాట్ 302 హాలు.

ఏసీపీ కుర్చీలో కూర్చున్నాడు. త్రినాథరావు నిలబడే ఉన్నాడు. గౌతమ్ గోడ వైపు చూస్తున్నాడు. దేవుడి గది గడప దగ్గర పీట మీద త్రినాథరావు తల్లి కోటేశ్వరమ్మ. డెబ్భై ఏడేళ్లు. చేతిలో వత్తుల పత్తి. లింగస్వామి అండాలమ్మను కూడా రమ్మన్నాడు. ఆమె హాల్లోకి రాలేదు, తలుపు దగ్గరే నిలబడింది. పక్కనే కృష్ణకుమారి కాగితాలతో ఉంది.

మొదట తన తప్పులు చెప్పాడు. ఇల్లు చూడకుండా రిపోర్టు రాయడం. లెక్కపెట్టకుండా సీలు వేయడం. పుస్తకంలో రాయకుండా తుపాకి ఇవ్వడం. ఒక్కొక్కటే తేదీతో చెప్పాడు. ఏసీపీ మొహం నల్లబడింది. తర్వాత తుడిచిన బొట్టు గురించి చెప్పాడు.

త్రినాథరావు గొంతు పెంచాడు. తుపాకి తుడవడం నేరమా అన్నాడు. తూటాలు మీ దగ్గరుంటే ఖాళీ రివాల్వర్ ఎలా పేలుతుందన్నాడు.

లింగస్వామి కోటేశ్వరమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, పోయిన దసరాకు పూజల పెట్టిన తూటా ఒకటుండాలె. యాడుంది?"

త్రినాథరావు అడ్డం రాబోయాడు. ఏసీపీ చేత్తోనే ఆపాడు.

ఆవిడకు దాచాల్సిందేమీ కనిపించలేదు. చక్కగా చెప్పింది. పోయినేడు అమ్మవారి ముందు తుపాకి పెట్టినప్పుడు పెట్టెలోంచి ఒక గుండు తీసి కుంకుమ భరిణెలో దాచిందట. తీసిన చోటు ఖాళీగా ఉంచకూడదని రెండు అక్షింతలు వేసిందట. ఈసారి తుపాకి ఒట్టిదే వచ్చింది.

"ఒట్టి ఆయుధాన్ని అమ్మవారి ముందు పెడతామా నాయనా? నూనె లేని ప్రమిద పెట్టినట్టుంటుంది. మా నాన్నగారు నిండు తుపాకికే పూజ చేసేవారు. అందుకని ఆ గుండు అందులో పెట్టాను. మళ్లీ తీద్దామనుకున్నాను, మధ్యాహ్నం కునుకు పట్టింది. లేచేసరికి మీకిచ్చేశారట. మీ బీరువాలోనే ఉంటుంది, జాగ్రత్తగా తీసి పంపించండి."

మట్టయ్య గుండె ఆగిపోయి చనిపోయాడని ఆవిడకు చెప్పి ఉంచారు. పెద్ద ప్రాణం, తట్టుకోలేదని.

గౌతమ్ గోడకు నెత్తి ఆనించి ఏడ్చాడు. ఆ ఏడుపులోనే మొత్తం బయటికొచ్చింది. నాలుగింటికి రివాల్వర్ స్టేషన్‌లో ఇచ్చేయమని తండ్రి అతని చేతికిచ్చాడు. గౌతమ్ కారు తాళం తీసుకుని సెల్లార్‌లోకి దిగాడు. కరెంటు పోయింది. జనరేటర్ వేసి మట్టయ్య దాని పక్కనుంచి తల బయటపెట్టి, రోజూలాగే జై తెలంగాణ అన్నాడు. గౌతమ్ ఎప్పటిలాగే రివాల్వర్ చూపించి చేతులెత్తు అన్నాడు. మట్టయ్య నవ్వుతూ ఎత్తాడు.

"ఖాళీది అనుకున్నాను సార్. తూటాలు మీ దగ్గరున్నాయిగా. నవ్వులాటకే నొక్కాను."

మిగతాది తండ్రి పని. కొడుకును పైకి లాక్కొచ్చాడు. కాలిన తూటా గొట్టం డ్రైనేజీలో పారేశాడు. రివాల్వర్ తుడిచి, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని స్టేషన్‌కెళ్లాడు. కింద పోలీసులున్న గేటులోంచే వెళ్లాడు.

కోటేశ్వరమ్మ అందరి మొహాలూ చూసింది. మట్టయ్యకు ఏమైందిరా అని కొడుకును అడిగింది. త్రినాథరావు గౌతమ్ వైపు చూశాడు. ఆవిడ చేతిలోని పత్తి పక్కన పెట్టింది. దేవుడి గది వైపు తిరగలేదు, ఎవరి వైపూ తిరగలేదు.

అప్పుడు త్రినాథరావు లింగస్వామి మీద పడ్డాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

"రాళ్లు పడ్డ రోజు మీ స్టేషన్‌కి పదకొండు సార్లు ఫోన్ చేశానండీ. ఒక్కరూ రాలేదు. నా ప్రాణం నేను కాపాడుకునే హక్కు నాకు లేదా?"

"ఉంది సార్. గందుకే సంతకం పెట్టిన. మట్టయ్య పానం కాపాడే పని గూడ నాదే ఉండె. గది మర్చిపోయిన."

త్రినాథరావు కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మీద లింగస్వామికి కోపం రాలేదు. కోపం వచ్చేంత ఎత్తులో తను లేడని తెలుసు.

మూడూ ఇరవైకి ఏసీపీ లేచాడు. సైదులును వదిలేయమని స్టేషన్‌కు ఫోన్ చేశాడు. తండ్రీ కొడుకులను కిందికి నడిపించమన్నాడు. లింగస్వామిని బెల్టు, సర్వీస్ పిస్టల్ అప్పగించమన్నాడు. లింగస్వామి రెండూ బల్ల మీద పెట్టాడు. పిస్టల్ మీద కూడా కృష్ణకుమారి పెట్టిన బొట్టుంది. అది చెరిగిపోకుండా ఏసీపీ దాన్ని గొట్టం వైపు పట్టుకుని తీసుకున్నాడు.

తలుపు దగ్గర అండాలమ్మ ఇంకా అక్కడే ఉంది. ఏడవడం లేదు. లింగస్వామి ఆమె ముందు నిలబడ్డాడు. నా వల్లే జరిగిందమ్మా అన్నాడు.

ఆమె తల ఊపింది, ముందే తెలిసిన సంగతి విన్నట్టు.

"ఆయన మీ ఠాణాకొచ్చిండు సారూ, శ్రావణమాసంల. మూడో అంతస్తు పిలగాడు దినాం తుపాకి తెచ్చి నా మీదికి సూపెడుతుండు, భయమైతుందని చెప్పనీకి ఒచ్చిండు. నేను గూడ ఎంబడున్న. మీరే కుర్సీల కూసున్నరు. పెద్దింటి పిలగాడు, నవ్వులాటకంటడు, పో అన్నరు. మీరు గూడ నవ్విన్రు."

ఇంట్లోని తుపాకిని కొడుకు తెచ్చి ఆడుకుంటున్నాడని ఒక్క కాగితం రాసి పంపితే లైసెన్సు రద్దయ్యేది. ఆ పని మొత్తం అరగంట. లింగస్వామి గుర్తు చేసుకోవడానికి చూశాడు. శ్రావణమాసం, బల్లకు అవతల భార్యతో నిలబడ్డ మనిషి. రోజుకు ముప్ఫై మంది వస్తారు. తను నవ్వే ఉంటాడు. మట్టయ్య బతికున్న మొహం ఎంతకీ గుర్తుకు రాలేదు.

కృష్ణకుమారి వైపు తిరిగాడు.

"ఈమె చెప్పింది గూడ రాయి. నా పేరుతోని రాయి."

కృష్ణకుమారి కాగితం తిప్పింది. అండాలమ్మ ఆ కాగితం వైపు చూసింది.

"గప్పుడు రాసుకుంటే ఆయన ఉంటుండె సారూ" అంది.